ఒకే బెంచీ వాళ్ళు

నందిగామ పంచాయతీ సమితిలో ఆడవాళ్ళ పనులు చూడ్డానికి కొత్త ముఖ్యసేవిక వస్తోందని భర్త వరప్రసాదరావు భోజనం దగ్గర చెప్పినప్పుడు కమలాకుమారి పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఊరి మహిళా మండలికి ఆమె అధ్యక్షురాలు. అధ్యక్షురాలంటే సమితి ఇచ్చిన కుట్టుమిషన్లు వాళ్ళ వసారాలో ఉంటాయి, మీటింగు నాడు కాఫీలు వాళ్ళింట్లోంచి వెళతాయి, అంతే. ముఖ్యసేవికలు వస్తూంటారు, పోతూంటారు.

"ఈవిడ మీ జగ్గయ్యపేట మనిషేనట. జయమణి అని," అన్నాడు వరప్రసాదరావు అన్నం కలుపుకుంటూ.

చారు పోస్తున్న గరిటె ఆమె చేతిలో ఆగిపోయింది.

"మా జయమణేనా! మిషను బడి ఏలీయా మేష్టారి కూతురు. మా క్లాసే."

"అయితే మంచిదేగా. మండలి పనులు తేలిగ్గా అయిపోతాయి," అని ఆయన పెరుగు వేయమన్నాడు.

పదేళ్ళ కిందట జగ్గయ్యపేట హైస్కూల్లో ఆఖరి క్లాసులో ఆడపిల్లలు ముగ్గురే ఉండేవాళ్ళు. మగపిల్లలందరూ ఓ పక్కా, కిటికీ దగ్గర బెంచీ మీద వీళ్ళు ముగ్గురూ ఓ పక్కా. పెద్ద రైతు జగన్నాథరావు కూతురు కమలాకుమారి, బట్టల కొట్టువాళ్ళమ్మాయి పుష్పవతి, ఏలీయా మేష్టారి జయమణి. పుష్పవతి చదువు కోసం కాక మధ్యాహ్నం ఇంటి నుంచి వచ్చే కారియరు కోసం బడికొచ్చినట్టుండేది. మిగతా ఇద్దరికీ మాత్రం పోటీ. తెలుగులో, ఇంగ్లీషులో జయమణి ముందుంటే, లెక్కల్లో కమలని దాటినవాళ్ళు ఆ స్కూల్లో లేరు, మగపిల్లల్తో సహా. లెక్కల మేష్టారు ఇంటికొచ్చి మరీ, "ఈ అమ్మాయిని బెజవాడ కాలేజీకి పంపండి," అని చెప్పి వెళ్ళారు. ఆ ఎండాకాలమే కమలకి నందిగామ సంబంధం కుదిరింది.

పెళ్ళికి జయమణి వచ్చింది. ఉతికిన తెల్ల ఓణీ వేసుకుని, పందిరికి అవతల చివరి పంక్తిలో విస్తరేస్తే తిని, ముత్యాల కుంకుమభరిణ ఒకటి పుష్పవతి చేత లోపలికి పంపి, పెళ్ళికూతుర్ని దూరం నుంచే చూసి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఒకళ్ళ సంగతి ఒకళ్ళకి తెలియదు.

కమల వెంటనే జగ్గయ్యపేటకి కబురు పెట్టి పుష్పవతిని రమ్మంది. ముగ్గురం కలుసుకుందాం, ఒకపూట భోంచేద్దాం అని. నిజానికి ఆమె మనసులో ఇంకోటి ఉంది. ఏలీయా మేష్టారి కూతురు తన ఇల్లు చూడాలి. మేడ, కరెంటు దీపాలు, హాల్లో రేడియో, పిల్లలు, తన మెళ్ళో కాసులపేరు, అన్నీ చూడాలి. చూసి ఏదో ఒక మాట అనాలి. ఆ మాట ఎలా ఉండాలో కూడా కమల అనుకుని పెట్టుకుంది.

అత్తగారు బసవమ్మకి వేరే బెంగ పట్టుకుంది. "వడ్డన ఎక్కడ పెడతావమ్మాయ్?" అంది గొంతు తగ్గించి.

"వసారాలో. అందరం అక్కడే కూర్చుంటాం లెండి అత్తయ్యా. సమితి ఆఫీసరు కదా, బాగోదు."

బసవమ్మ మూతి విరిచి లోపలికెళ్ళింది.

జయమణి జీపులో దిగింది. వెనక సీట్లో ముడుచుకుని కాదు, డ్రైవరు పక్కన కూర్చుని వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయిన మంగళగిరి చీర, ఎడం చేతికి గడియారం, భుజానికి తోలుసంచీ. మెడలో సన్నటి గొలుసొక్కటే. ఎండకి నల్లబడింది. నవ్వు మాత్రం అదే నవ్వు. గుమ్మంలో బసవమ్మని చూసి, "నమస్కారమండీ. కమలాకుమారిగారు ఉన్నారా?" అంది. లోపలికొచ్చి కమల చెయ్యి పట్టుకున్నాక మాత్రం, "ఎట్టా ఉన్నావే కమలా?" అంది, నిన్న సాయంత్రం బడి దగ్గర విడిపోయినట్టు.

భోజనాల దగ్గర పుష్పవతి తన సంగతంతా రెండు ముక్కల్లో తేల్చేసింది. "ఇద్దరు మగపిల్లలు, ఒక బట్టల కొట్టు, ఈ ఒళ్ళు. ఇంకేం లేదు నా కాడ. నువ్వు చెప్పవే జయమణీ. ఎక్కడెక్కడ తిరిగావు?"

జయమణి చెప్పింది. స్కూలు ఫైనలయ్యాక హైదరాబాదు దగ్గర గ్రామసేవిక ట్రైనింగుకి వెళ్ళిందట. ఆ ఏడే నాన్న పోయారట. తరవాత దివిసీమలో ఉద్యోగం. వానాకాలం వస్తే దారులుండవు, పడవ మీదే ఊరూరూ తిరగాలి. ఒకసారి పడవ ఇసకలో కూరుకుపోతే బాలింత కోసం మోకాటిలోతు బురదలో నడిచి వెళ్ళిందట. సైకిల్ నేర్చుకుందట. పల్లెటూరి ఆడవాళ్ళని కొందర్ని వెంటపెట్టుకుని ఢిల్లీ తీసుకెళ్ళిందట. రైల్లో ఒక ముసలామె ప్రతి స్టేషన్లోనూ దిగి, ఇదే ఢిల్లీయా అని అడిగిందట. పుష్పవతి పొట్ట పట్టుకుని నవ్వింది. దూరంగా కూర్చున్న బసవమ్మ కూడా నవ్వింది.

కమల నవ్వింది గాని, ఆ నవ్వు పెదాలు దాటి లోపలికి పోలేదు. ఆమె మూడు కాన్పులు నందిగామలోనో, జగ్గయ్యపేటలోనో. ఆమె చూసిన దూరం బెజవాడ.

భోజనాలయ్యాక ఇల్లు చూపించింది. మేడ ఎక్కించింది. రేడియో పెట్టింది. బీరువా తెరిచి కంచి పట్టుచీరలు మంచం మీద పరిచింది. జయమణి ఒక్కొక్కటే వేళ్ళతో తాకి చూసి, "ఎంత బాగుందే! ఈ నెమలిపింఛం రంగు నీకు బ్రహ్మాండంగా ఉంటది," అంది. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "నీ ఇల్లు కళకళలాడతా ఉంది కమలా. చూస్తంటే కడుపు నిండిపోయింది," అంది.

ఆ మాటలో ఎక్కడన్నా చిన్న ముల్లుందేమోనని కమల వెతికింది. లేదు. గొంతులో కాస్త జీరన్నా, కళ్ళలో చిన్న నీడన్నా ఉంటుందేమోనని చూసింది. అదీ లేదు. పరాయివాళ్ళ తోటకెళ్ళినవాళ్ళు పూలు బాగున్నాయని మెచ్చుకుని వచ్చినట్టు మెచ్చుకుంది. ఆ పూలు తనకి కావాలని ఆమెకి తోచనే లేదు. కమలకి కడుపులో మంట అక్కడ రాజుకుంది.

"ఇంకా లెక్కలు చేస్తున్నావా?" అని అడిగింది జయమణి, జీపెక్కబోతూ.

"ఆఁ, చాకలి లెక్క, పాల లెక్క," అంది కమల. ముగ్గురూ నవ్వారు. జీపు వెళ్ళిపోయాక వీధి తలుపు దగ్గర ఆ దుమ్ము అణిగేదాకా కమల ఒక్కతే నిలబడింది.

ఆ తరవాత జయమణి తరచూ రాసాగింది. మండలి మీటింగుకి ఇదివరకు వచ్చిన ఆడవాళ్ళు కాఫీ తాగి, ఒక పాట పాడి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు కుట్టుపని క్లాసుకి వీధి వీధి నుంచీ ఆడపిల్లలు వస్తున్నారు. ఎవరికే సందేహమొచ్చినా "జయమణిగారండీ" అంటున్నారు. అధ్యక్షురాలి కుర్చీలో కమల కూర్చుంటుంది గాని, మొహాలన్నీ అటే తిరుగుతాయి. పొద్దుతిరుగుడు పూలు కూడా అంత సిగ్గు లేకుండా తిరగవు అనుకునేది కమల.

ఒకరోజు జడ వేయించుకుంటూ పెద్దకూతురు భారతీదేవి, "అమ్మా, పెద్దయ్యాక నేను జయమణి పిన్నిలా అవుతా. జీపులో తిరుగుతా," అంది.

"నోర్మూసుకుని తిన్నగా కూచో," అని కమల జడ విసురుగా లాగింది. పిల్ల కెవ్వుమంది. బసవమ్మ వంటింట్లోంచి, "ఏమైందే?" అని అరిచింది. ఏమైందో కమల ఎవరికని చెప్తుంది?

చెప్పుకోడానికి సిగ్గుచేటు కూడా. తనకేం తక్కువ? ఊళ్ళో పదిమందీ తనని చూసి ఏడ్చేవాళ్ళే. జయమణికి ఏముంది? అద్దెగది, ముసలితల్లి సౌభాగ్యమ్మ, పెళ్ళి లేదు, పెటాకులు లేవు. అలా లెక్కవేసుకుంటే తనవైపు త్రాసు నేలకి తగిలేది. అయినా మనసుకి తూకం కుదిరేది కాదు. పొద్దున లేచి జీపు హారను వినగానే అరికాళ్ళు మండేవి.

మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో కమల ఒక పెళ్ళికి బెజవాడ వెళ్ళి బస్సులో తిరిగొస్తోంది. కిటికీ పక్కన కూర్చుంది. కీసర స్టేజీలో బస్సు ఆగింది. మునేటి మీంచి గాలి వస్తోంది. రోడ్డు పక్క వేపచెట్టు కింద జయమణి నిలబడి ఉంది. పక్కన సమితి ఆఫీసులో వ్యవసాయం చూసే ప్రేమానందం ఉన్నాడు. కమల అతన్ని ఎరుగును. ముక్త్యాల వైపు మనిషి, నెమ్మదస్తుడు, వరప్రసాదరావు దగ్గరికి విత్తనాల సంగతి మాట్లాడ్డానికి వస్తూంటాడు.

ఇద్దరూ ఒకే పొట్లంలో వేరుశనక్కాయలు తింటున్నారు. అంతే. అతను ఏదో అంటున్నాడు, జయమణి కాయ వలుస్తూ వింటోంది. అతను చెప్పింది నచ్చలేదు కాబోలు, తల అడ్డంగా ఊపి పెద్దగా మాట్లాడింది. అతను ఆమె మాట పూర్తయ్యేదాకా విని, ఆలోచించి, మళ్ళీ ఏదో అన్నాడు.

కమల తన మొగుడితో అలా ఎప్పుడు మాట్లాడింది? వరప్రసాదరావు చెడ్డవాడు కాదు. అడిగింది తెస్తాడు, కసురుకోడు. కానీ ఆమె ఏదైనా చెబితే "ఊఁ" అంటాడు, ఆ "ఊఁ" లోనే మాట అయిపోతుంది. ఎండలో నిలబడి, ఒకే పొట్లంలో శనక్కాయలు తింటూ, తను అన్నదాన్ని మొగాడొకడు ఆలోచించి జవాబు చెప్పడం అనేది ఒకటుంటుందని ఆమెకి ఇంతకుముందు తెలియదు. బస్సు కదిలింది. జయమణి తలెత్తి బస్సు వైపు చూసింది. కమల చటుక్కున మొహం తిప్పేసుకుంది.

ఆ వారం మండలి ఆడవాళ్ళు నలుగురు వాళ్ళింట్లో వడియాలు పెడుతున్నారు. ఏదో మాటల్లో ఒకావిడ, "జయమణిగారు ఎంత కష్టపడతారో," అంది.

"కష్టపడతందిలే," అంది కమల. "మొన్న కీసర స్టేజీలో కూడా పడతానే ఉంది. ఆ ప్రేమానందంతో ఒకే పొట్లంలో శనక్కాయలు తింటా."

చేతులు ఆగాయి. అందరి మొహాలూ ఇటు తిరిగాయి. ఎన్నో నెలల తరవాత అందరూ తన వంకే చూస్తున్నారు. అక్కడితో ఆపి ఉండవలసింది. ఆపలేదు.

"చెయ్యీ చెయ్యీ పట్టుకుని," అంది. "నడిరోడ్డు మీద. నాకే సిగ్గేసింది."

పిండి ఆరకముందే ఆ మాట వీధి దాటింది. సాయంత్రానికి చెయ్యి కాస్తా భుజమైంది. మర్నాటికి స్టేజీ కాస్తా మునేటి ఇసకతిన్నెలైంది. తల్లులు ఆడపిల్లల్ని కుట్టు క్లాసుకి పంపడం మానేశారు. తరవాతి మీటింగుకి వచ్చినవాళ్ళని ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కమల తలనొప్పని చెప్పి అసలు వెళ్ళనే లేదు.

మీటింగు తరవాత జయమణి నడుచుకుంటూ వాళ్ళింటికొచ్చింది. బసవమ్మ నిద్రపోతోంది. వసారాలో మూతలేసి ఉన్న కుట్టుమిషన్ల మధ్య స్టూలు లాక్కుని కూర్చుంది.

"తలనొప్పి తగ్గిందా?"

"కాస్త నయం," అంది కమల.

"ఊళ్ళో ఏమంటన్నారో విన్నా. మా అమ్మ కూడా విని, పొద్దుట్నుంచీ అన్నం ముట్టలేదు." జయమణి గొంతు మామూలుగానే ఉంది. "పొట్లం నిజమే కమలా. చెయ్యి అబద్ధం. పొట్లం సంగతి బస్సులోంచి చూసినవాళ్ళకి తప్ప తెలీదు. ఆ బస్సులో కిటికీ పక్కన నువ్వున్నావు. నీకేసి చెయ్యి ఊపా కూడా. చూళ్ళేదనుకున్నా."

జయమణి ఏడ్చినా, తిట్టినా బావుండును, కమల ఎదురు తిట్టొచ్చు. జయమణి అలాగే చూస్తూ కూర్చుంది.

"ఎందుకు? నేను నీకేం చేశా?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచిన కమల నోట్లోంచి తను అనుకోని మాట వచ్చింది. "నీకు నన్ను చూస్తే ఎప్పుడూ కుళ్ళు పుట్టలేదా? ఒక్కసారన్నా? నా ఇల్లు చూశావు, నగలు చూశావు. అబ్బ, నాకూ ఉంటే బావుండునని ఒక్కసారన్నా అనిపించలేదా నీకు?"

జయమణి ఆశ్చర్యపోయింది. తరవాత, బళ్ళో మేష్టారు అడిగిన ప్రశ్నకి ఆలోచించినట్టు నిజంగానే ఆలోచించింది.

"ఎందుకు పుట్టలేదూ? చచ్చేంత కుళ్ళు. బళ్ళో ఉన్నన్నాళ్ళూ. నువ్వు బోర్డు కాడికెళ్ళి లెక్క చేస్తంటే ఒళ్ళు మండిపోయేది నాకు. నేను రాత్రంతా కూచున్నా రానిది నీకు నిలబడి ఉండగానే వచ్చేది. యేసుప్రభువా, ఈ పిల్లకి ఒక్కసారి లెక్క తప్పేట్టు చెయ్యి అని ప్రార్థన కూడా చేశా. మా నాన్నకి తెలిస్తే చంపేసేవాడు."

"మరి తరవాత?"

"తరవాత నీ పెళ్ళికొచ్చా గదా," అంది జయమణి. "ఆరోజుతో పోయింది."

ఆమె అది పొడవడానికి అనలేదు. అడిగింది గనుక చెప్పింది. లేచి చీర దులుపుకుని, "పిల్లల్ని క్లాసుకి పంపమని నువ్వొక మాట చెప్పు. నా మీద కోపంతో వాళ్ళ పని చెడగొట్టొద్దు," అని వెళ్ళిపోయింది.

కమల ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పశ్చాత్తాపం కలిగే స్థితిలో లేదామె. తాను ఇన్ని నెలలుగా లోపల ఉడికిపోతుంటే, ఎదుటిది తనతో పందెం ఎప్పుడో పెళ్ళిపందిట్లోనే ముగించేసిందా? చివరి పంక్తిలో కూర్చుని విస్తట్లో తింటూ, ఇంక ఈ పిల్లతో నాకు పోటీ లేదని లేచి వెళ్ళిపోయిందా? చెంపదెబ్బ తిన్నా ఇంత మండదు. అన్నం సయించలేదు. మూడోరోజు పిల్లల్ని అత్తగారికి అప్పగించి జగ్గయ్యపేట బస్సెక్కింది.

జగన్నాథరావు వీధి అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. కూతురు ఒంటరిగా దిగడం చూసి కంగారుపడ్డాడు. ఆమె మంచినీళ్ళు కూడా తాగలేదు.

"నాన్నా, నన్ను కాలేజీకి ఎందుకు పంపలేదు?"

ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పడక్కుర్చీలోంచి ముందుకి వంగాడు.

"నువ్వడిగితేగా అమ్మడూ. మేష్టారు చెప్పెళ్ళాక మీ అమ్మ చేత నిన్ను అడిగించా. నువ్వేమన్నావో గుర్తుందా? ముందు వడ్డాణం చేయించమను అన్నావు. మీ అమ్మా నేనూ ఎంత నవ్వుకున్నామని!"

గుర్తొచ్చింది. గుర్తు రాకపోతే బావుండుననిపించేంత బాగా గుర్తొచ్చింది. కంసాలి ఇంటికొచ్చి కూర్చుంటే పక్కన చేరి తీగెల నమూనాలు ఏరింది తనే. బెజవాడ అంటే హాస్టలు తిండి అని మొహం చిట్లించింది తనే. ఇన్నాళ్ళూ తండ్రి మీదా, మొగుడి మీదా, తలరాత మీదా పెట్టుకున్న నేరం కాళ్ళొచ్చి నడుచుకుంటూ తన దగ్గరికే వచ్చి కూర్చుంది. లోపలికెళ్ళి తల్లి మంచం మీద పడుకుని గోడవైపు తిరిగి ఏడ్చింది.

కమల పుట్టించిన పుకారు ఆమె అనుకున్న చోట ఆగలేదు. అది ముక్త్యాల దాకా పోయింది. అక్కడ ప్రేమానందం తండ్రి శాంతయ్య కొడుక్కి మేనమామ కూతురు బేబిని ఖాయం చేసుకుని ఉన్నాడు. తండ్రి ఎదట నోరెత్తలేక, జయమణికి మాటివ్వలేక, ప్రేమానందం నెలల తరబడి నానుస్తున్నాడు. కీసరలో వేపచెట్టు కింద వాళ్ళు వాదించుకున్నది ఆ సంగతే. పుకారు విని శాంతయ్య కొడుకుని పిలిచి నలుగురిలో నిలదీశాడు. ఆ నెమ్మదైన మనిషికి అప్పుడు తెగింపొచ్చింది. "ఆమె పేరు నా వల్ల చెడింది. చేసుకుంటే ఆమెనే చేసుకుంటా," అన్నాడట. బేబి కూడా, "బలవంతపు మొగుడు నాకెందుకు?" అందట. ఈ కబురు మోసుకొచ్చింది పుష్పవతి. "ఆ పుకారెవరు పుట్టించారో గాని, జయమణి నెత్తిన పాలు పోశారే!" అంది. కమల కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

జగ్గయ్యపేట చర్చిలో పెళ్ళి. జయమణి తనే వచ్చి పిలిచింది. వెళ్ళకపోతే బాగోదు, వెళితే భరించలేదు. చివరికి పుష్పవతితో కలిసి వెళ్ళింది. సౌభాగ్యమ్మ ఎదురొచ్చి ఇద్దర్నీ ముందు వరసలో పెళ్ళివారి పక్కన కూర్చోబెట్టింది. తెల్లచీర కట్టుకుని జయమణి నడిచొస్తుంటే కమల కళ్ళార్పకుండా చూసింది. మొగుణ్ణి ముందే ఎరిగి, అతనితో పోట్లాడి, తనంతట తాను ఎంచుకుని పెళ్ళాడే మనిషి ఎలా నడుస్తుందో చూసింది. అసూయ ఎప్పటిలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు. కాని ఈసారి దానికి అబద్ధం తోడు కావాలనిపించలేదు.

భోజనాల దగ్గర జయమణి వచ్చి పక్కన కూర్చుంది. మైలవరానికి బదిలీ అయిందని, ఇద్దరికీ అక్కడేనని చెప్పింది.

"చెయ్యి పట్టుకున్నారని చెప్పింది నేనే," అంది కమల, విస్తట్లోకి చూస్తూ.

"తెలుసుగా."

"తెలుసని తెలుసు. అయినా చెప్పాలిగా."

"సర్లే," అంది జయమణి. క్షమించానని అనలేదు. "పప్పు వేయించుకో. చల్లారిపోతంది," అని లేచి చుట్టాల దగ్గరికి వెళ్ళింది.

పెళ్ళయిపోయాక ఊళ్ళో వాళ్ళకి ఆ పుకారు మీద రుచి పోయింది. కుట్టు క్లాసు మళ్ళీ నిండింది. కమల మాత్రం ఇంట్లో ఒక పేచీ పెట్టుక్కూర్చుంది. ఆడవాళ్ళు కాలేజీకి వెళ్ళకపోయినా బి.ఎ. దాకా ప్రైవేటుగా పరీక్షలకి కట్టొచ్చని ఎవరో చెప్పగా విని, కడతానంది.

"ఇప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నాడు వరప్రసాదరావు.

"ఎవర్నీ కాదు. నాకు కావాలి."

"ఊఁ," అన్నాడాయన.

"ఊఁ కాదండీ. నా మొహం చూసి ఏదో ఒకటి చెప్పండి."

ఆయన నిజంగానే తలెత్తి చూశాడు. ఇదేదో కొత్తగా ఉందనుకున్నాడో ఏమో, "సరే, కట్టు," అన్నాడు.

బసవమ్మ ఊరంతా చెప్పుకుని నవ్వింది. మొదటి పరీక్షే ఒకసారి ఇంగ్లీషులో తప్పింది. రెండోసారి గట్టెక్కింది. జయమణికి మైలవరంలో ఆడపిల్ల పుట్టిందని తెలిసినప్పుడూ, పై ఉద్యోగానికి పిలిచారని తెలిసినప్పుడూ కమలకి లోపల కలుక్కుమనేది. అది పోతుందేమోనని కొన్నాళ్ళు చూసింది, పోలేదు. కలుక్కుమన్న రోజున మరికాస్త ఎక్కువసేపు చదివేది. బి.ఎ. పూర్తయ్యేసరికి ఆమె నెత్తిన నాలుగు తెల్లవెంట్రుకలొచ్చాయి, భారతీదేవి హైస్కూలుకొచ్చింది.